మితపణము, అమితపణము: చిన్న జూదరి నడచిన దారి

ఆటలో పణము రెండు విధములు. మొదటి విధమున ఒక్కొక్క తడవ ఎంత ఒడ్డవచ్చునో ముందే నిర్ణయింపబడి యుండును. ఎంత ఆశ పుట్టినను, ఎంత కోపము వచ్చినను ఆటగాడు ఆ గీతను దాటజాలడు. రెండవ విధమున అట్టి గీత లేదు. తలచినచో ఆటగాడు తన యెదుటనున్న ధనమంతయు ఒక్కమాఱే ఒడ్డవచ్చును. మొదటిదానిని మితపణమనియు, రెండవదానిని అమితపణమనియు ఈ వ్యాసమున వ్యవహరించుచున్నాను. పోకరను పేకాటలో వీనినే లిమిటు, నోలిమిటు అని చెప్పుదురు.

ఈ రెంటి నడుమ గల భేదము సొమ్ము హెచ్చుతగ్గులకు సంబంధించినదని సామాన్యముగా తలంతురు. అది నిజము కాదు. రూపాయి రూపాయిగా ఆడెడి అమితపణమును కలదు, వేలకు వేలు ఆడెడి మితపణమును కలదు. భేదమంతయు హద్దును విధించువారెవరు అనుదానిలో నున్నది. మితపణమున హద్దును ఆటయే విధించును. అమితపణమున ఆటగాడే తనకు తాను విధించుకొనవలెను. కొద్ది సొమ్ముతో ఆడువాడు ఒకదానినుండి మఱియొకదానికి మాఱునపుడు ఈ భారము వానికి తెలియకయే వాని తలపై బడును. ఈ సంగతిని మన వాఙ్మయమునుండియు, ధర్మశాస్త్రములనుండియు, న్యాయస్థానముల తీర్పులనుండియు, ఆటల లెక్కలనుండియు నిరూపించుట ఈ వ్యాసోద్దేశము.

కృష్ణగిరి జిల్లా ఊత్తంగరై తాలూకాలోని కల్లావి, దాని చుట్టుపట్ల గ్రామములు, వాయవ్యమున నున్న హోసూరు సీమ, ఇవి తెలుగు, తమిళ, కన్నడములు కలిసి బ్రదుకు ప్రదేశములు. 1792 నాటి శ్రీరంగపట్టణపు సంధితో బారామహల్ సీమ టిప్పుసుల్తాను చేతినుండి కుంఫిణీవారి చేతికి వచ్చెను. ఆ పిదప ఈ ప్రాంతము సేలము జిల్లాలో చేరి, 1965లో ధర్మపురి జిల్లాకును, 2004లో కృష్ణగిరి జిల్లాకును మాఱినది. పాలకులు మాఱినట్లే ఆటలనుగూర్చిన శాసనములును ఇచ్చట పలుమాఱులు మాఱినవి. నెలజీతము తెచ్చుకొని ఇల్లు నడుపుకొను మన యువకుల చేతిలోనికి ఫోను ద్వారా అమితపణపుటాట వచ్చిన ఈ కాలమున దాని పూర్వోత్తరములు తెలిసికొనుట మనకు అవసరము.

మాటల సాక్ష్యము

ముందుగా మన మాటలను పరిశీలింతము. జూదము అనుమాట సంస్కృత ద్యూతశబ్దమునుండి వచ్చినది. నేడది ధనమొడ్డి ఆడు ఆటకే వాడబడుచున్నను, పూర్వము దాని అర్థము ఇంత ఇఱుకైనది కాదు. మేకలను పులులనుండి కాపాడుకొనెడి ఆటను మన పెద్దలు పులిజూదమనిరి. గుడి మంటపముల బండలపై ఈ ఆట గీతలు నేటికిని కనబడుచుండును. ఆ యాటలో కాసు ఒడ్డవలసిన పని లేదు, బుద్ధియే ఒడ్డు. కావున జూదమనగా మన భాషలో తొలుత బుద్ధితో ఆడు పోటీ యని కూడ నర్థము కలదని చెప్పవచ్చును.

ఇక పణమునకు తెలుగున ఒడ్డు అనుమాట కలదు. ఒడ్డుట యనగా పందెముగా పెట్టుట. అదే రూపముగల ఒడ్డు అనుమాటకు ఏటిగట్టు, తీరము అనియు నర్థము. ఈ రెండు మాటలకు మూలమొక్కటియే యని నేను వాదింపబోను. అయినను తెలుగువాని చెవికి ఈ రెండును ఒక్కటిగా వినబడుట గమనింపదగినది. ఒడ్డునకు ఒడ్డుండవలెనను భావమే మితపణమునకు మూలము.

ధర్మశాస్త్రముల హద్దు

మన ప్రాచీనులు జూదమునుగూర్చి రెండు త్రోవలు త్రొక్కిరి. మనువు ప్రాణములేని వస్తువులతో ఆడుదానిని ద్యూతమనియు, కోళ్లు, పొట్టేళ్లు మున్నగు ప్రాణులతో ఆడించుదానిని సమాహ్వయమనియు విభజించి, రెంటిని రాజు తన రాజ్యమున నిషేధింపవలెనని శాసించెను. కౌటిల్యుడును, యాజ్ఞవల్క్యుడును అట్లు చేయలేదు. జూదము మానిపింప శక్యము గానిదని యెంచి, దానిని ఒక్కచోట, అధికారి కన్నుల యెదుట మాత్రమే జరిపింపవలెనని వారు చెప్పిరి. దొంగలను కనిపెట్టుటకు కూడ ఇది యుపాయమని యాజ్ఞవల్క్యుని మతము. నియమితమైన చోట గాక వేఱొకచోట ఆడువానికి పండ్రెండు పణములు దండనయని అర్థశాస్త్రము విధించుచున్నది. గెలిచిన సొమ్మునుండి నూటికి అయిదు చొప్పున ద్యూతాధ్యక్షుడు గైకొనవలెననియు, పాచికల అద్దె, నీటికిని చోటునకును రుసుము వేఱుగా పుచ్చుకొనవలెననియు అందులో కలదు.

యాజ్ఞవల్క్యస్మృతిలో మఱియొక విశేషము కలదు. జూదశాలను నడుపు సభికుడు నూరు లేక అంతకు మించి గెలుచు గట్టి జూదరినుండి నూటికి అయిదును, తక్కినవారినుండి నూటికి పదియు గైకొనవలెనట. అనగా పెద్ద ఆటగానికంటె చిన్న ఆటగాడు రెండింతల రుసుము చెల్లించెడివాడు. చిన్న ఆటగాడు ఎదుటివానినే కాక ఆట నడుపువానిని కూడ గెలువవలసి యుండుట క్రొత్త సంగతి కాదని దీనివలన తేలుచున్నది. నేటి పోకరుశాలలలోను ఇదే పద్ధతి. నడుమ చేరిన సొమ్ములో శాలవారు కొంతపాలు తీసికొందురు. దానికి ఒక గరిష్ఠపరిమితి యుండుటచే పెద్ద ఆటలో ఆ పాలు అత్యల్పమై, చిన్న ఆటలో బరువై యుండును.

యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్యుడైన ఆఱవ విక్రమాదిత్యుని కాలమున మితాక్షరయను వ్యాఖ్యను రచించెను. 13వ శతాబ్దిలో తిక్కనకు దశకుమారచరిత్రము నంకితమిచ్చిన కేతనయే విజ్ఞానేశ్వరీయమును తెలుగు చేసి, న్యాయశాస్త్రమును మన భాషలోనికి తెచ్చిన యశము గడించెను. ఆ దశకుమారచరిత్రకు మూలమైన దండి గ్రంథమున జూదమునకు సంబంధించిన కళలు ఇరువదియైదు అని చెప్పబడినది. అదృష్టముతో పాటు నేర్పును జూదమున కలదని మన పూర్వులు స్పష్టముగా నెఱుగుదురు. ఇరువదవ శతాబ్దిలో న్యాయస్థానములు విచారించిన ప్రశ్నకు బీజమిచ్చటనే యున్నది.

కావ్యములలో హద్దు మీఱిన పణము

శాస్త్రము హద్దు పెట్టగా, కావ్యము ఆ హద్దు దాటినవారి కథను చెప్పినది. 11వ శతాబ్దిలో రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని ఆస్థానమున నన్నయభట్టు తెనిగించిన సభాపర్వమున ధర్మరాజు ఆడిన జూదము అమితపణమునకు మొదటి యుదాహరణము. మణులు, రథములు, ఏనుగులు, గుఱ్ఱములు, భండారములు, రాజ్యము ఒకదాని వెనుక నొకటి పోయెను. పిదప తమ్ములు, తాను, తుదకు ద్రౌపది. ప్రతిమాఱును క్రొత్త వస్తువు పణమగుచుండెను గాని, ఇంతటితో ఆట ముగిసినదని చెప్పు నియమము ఆ సభలో లేకపోయెను. పెద్దలు కూర్చుండిరి, ధర్మమెఱిగినవారు కూర్చుండిరి, ఆటను నిలుపగల గీత మాత్రము లేదు. ధర్మరాజు ఓడిపోవుటకు శకుని కపటము కారణము. సర్వస్వమును ఓడిపోవుటకు హద్దు లేకపోవుట కారణము. ఈ రెండు కారణములు వేఱువేఱని పాఠకులు గుర్తింపవలెను.

అరణ్యపర్వములోని నలోపాఖ్యానము దీనికి తోడుగా చదువదగినది. నలుడు పుష్కరునితో అనేక మాసములు ఆడి, కొంచెము కొంచెముగా రాజ్యమంతయు పోగొట్టుకొనెను. కాని దమయంతిని ఒడ్డుమని పుష్కరుడు అడుగగా నలుడు ఒప్పుకొనక కట్టుబట్టతో వెడలిపోయెను. ధర్మరాజు గీయలేని గీతను నలుడు గీసెను. అటుపిమ్మట ఋతుపర్ణునివలన, చెట్టు ఆకులను పండ్లను ఎంచు నేర్పుతోపాటు అక్షహృదయమను విద్యను నేర్చుకొని వచ్చి, పుష్కరుని ఒక్క పందెముతోనే గెలిచెను. మాసములు సాగిన ఆటలో ఓడినవాడు, గణితము నేర్చిన పిదప ఒక్క పందెపు టాటలో గెలుచుట ఈ కథలోని రహస్యము. అమితపణమునకు దిగువానికి ముందు లెక్క రావలెను. అయితే ఆ రెండవ ఆటలో నలుడు దమయంతిని కూడ ఒడ్డుట మఱువరాదు. నేర్పు పెరిగినకొలది గీత చెరిగిపోవు ప్రమాదమును అంతే పెరుగునని కథయే చెప్పుచున్నది.

తెలుగు గడ్డమీదనే పుట్టిన మూడవ యుదాహరణము పలనాటి కోడిపందెము. 12వ శతాబ్దిలో గురిజాల పక్షమున నాయకురాలు నాగమ్మయు, మాచెర్ల పక్షమున బ్రహ్మనాయుడును కోళ్లను పోరాడించిరి. ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడిచి పోవలెనని ఒడ్డు. మాచెర్లవారు ఓడి వలసపోయిరి. గడువు తీరినను వారి రాజ్యము తిరిగి రాకపోగా కారెమపూడి యుద్ధము జరిగినది. శ్రీనాథుని పేర వెలసిన పలనాటి వీరచరిత్రమును, వీరవిద్యావంతుల పాటలును ఈ కథను నేటికిని నిలిపియున్నవి. ఒక్క పూట కోడిపోరునకు ఒక రాజ్యము ఏడేండ్లపాటు ఒడ్డబడుట సమాహ్వయమున అమితపణమునకు పరాకాష్ఠ.

మన యిండ్ల పేకాట

పేక మనకు తరువాత వచ్చినది. 1527లో బాబరు తన మిత్రునికి గంజీఫా ముక్కలను పంపినట్లు స్వీయచరిత్రలో వ్రాసికొనెను. ఇస్పేటు, ఆఠీను, కళావరు, డైమను అను నాలుగు జాతుల ఏబదిరెండు ముక్కల పేక ఐరోపావారితో వచ్చి మన యిండ్లలో స్థిరపడినది. ఆ పేకతో తెలుగువారు ముఖ్యముగా రెండాటలు ఆడిరి: రమ్మీ, మూడుముక్కలాట. ఈ రెండును మితపణమునకు, అమితపణమునకు మన యింటి యుదాహరణములే.

పదుమూడు ముక్కల రమ్మీలో పాయింటునకు ఇంతయని ముందే మాట యనుకొందురు. ఎంత చెడ్డ ముక్కలు పడినను ఒక్క ఆటలో పోవునది సాధారణముగా 80 పాయింట్లకు మించదు. ముక్కలు చూచినంతనే దిగిపోయిన 20, నడుమ దిగిపోయిన 40. పాయింటు పావలా యైనచో, ఎంత పెద్ద యోటమియైనను ఇరువది రూపాయలే. ఆటలో కూర్చుండకముందే తన నష్టపు టవధి ఆటగానికి తెలియును. పండుగ రాత్రులలో బంధువులు కూర్చుండి ఆడినను మఱునాడు మొగములు మాడకుండుటకు ఈ నియమమే కారణము.

మూడుముక్కలాట అట్టిది కాదు. ముక్కలు చూడక ఆడువాడు కొంత వేయును. చూచి యాడువాడు దానికి రెండింతలు వేయవలెను. పందెము ప్రతి చుట్టునకు ఇనుమడింపవచ్చును. ఒక్క రూపాయితో మొదలైనది పదిమాఱులు ఇనుమడించినచో 1,024 రూపాయలగును. కొన్ని బృందములవారు దీనికి ఒక పైహద్దు పెట్టుకొందురు. హద్దు పెట్టుకొననిచోట, ఎవని జేబు పెద్దదో వానిదే బలము.

ఈ రెండాటలను భారత సర్వోన్నత న్యాయస్థానము ఒక్క తీర్పులోనే తూచి చెప్పుట మన చరిత్రలో ముఖ్య ఘట్టము. సికిందరాబాదులోని ఒక క్లబ్బుపై హైదరాబాదు జూద చట్టము క్రింద వచ్చిన కేసులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పైకోర్టునకు పోగా, 1968 నాటి న్యాయనివేదికలలో ప్రకటితమైన తీర్పున న్యాయమూర్తి హిదయతుల్లా రమ్మీ ప్రధానముగా నేర్పుతో కూడిన ఆటయని నిర్ణయించెను. పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొని, ఏది ఉంచవలెనో ఏది విడువవలెనో తెలిసికొనుటకు నేర్పు కావలెనని ఆయన చెప్పిన కారణము. ఆ తీర్పుననే మూడుముక్కలాట కేవలము అదృష్టముపై నాధారపడినదని చెప్పబడినది. క్లబ్బువారు ఆటనుండియే లాభము గడించినచో నేరమగునని కూడ అందు కలదు. యాజ్ఞవల్క్యుని సభికుడు ఇట్లు మరల మన యెదుటికి వచ్చినాడు. కాని న్యాయస్థానము అడిగిన ప్రశ్న నేర్పా, అదృష్టమా యనునదే. పణమునకు హద్దు కలదా లేదా యను ప్రశ్న ఆనాడు విచారణకు రాలేదు.

పోకరు మాఱిన వైనము

పోకరు 19వ శతాబ్ది తొలినాళ్లలో అమెరికాలోని న్యూఆర్లియన్సు ప్రాంతమున పుట్టి మిసిసిపీ నదిపై పడవలలో వ్యాపించెను. దానిలో ఒక భేదమైన టెక్సాస్ హోల్డెమ్ నేడు లోకమంతట ఆడబడుచున్నది. ఒక్కొక్కనికి రెండు ముక్కలు రహస్యముగా పంచుదురు. నడుమ అయిదు ముక్కలు అందఱికి కనబడునట్లు క్రమముగా పఱతురు. ఈ ఏడింటిలో మేలైన అయిదింటితో జత కూర్చుకొనవలెను. నాలుగు తడవలు పందెము కాయుదురు.

ఇది జూదశాలలలో బహుకాలము మితపణముగనే చిన్న ఆటగాండ్రకు లభించెను. రెండు, నాలుగు డాలర్ల ఆట యనగా మొదటి రెండు తడవలలో పందెము రెండు, కడపటి రెండింట నాలుగు. తడవకు ఒక పందెము, మూడు పెంపులు అను పద్ధతిలో ఒక్క పంపకములో అత్యధికముగా పోవునది 8, 8, 16, 16 వెరసి 48 డాలర్లు. రమ్మీలో 80 పాయింట్లవంటిదే ఈ 48.

అమితపణము గొప్పవారి ఆటగా నుండెను. 1970లో లాస్ వేగాసులోని బినియన్ హార్సుషూ శాలలో ప్రారంభమైన ప్రపంచ పోకరు పోటీల ప్రధానపోటీ ఈ పద్ధతినే నడచినది. 2003లో టెనెసీ రాష్ట్రపు గుమాస్తా క్రిస్ మనీమేకర్, కొన్ని పదుల డాలర్ల ప్రవేశరుసుముతో ఇంటర్నెట్టులో గెలిచి ఆ పోటీకి అర్హుడై, 839 మందిలో మొదటివాడై 25 లక్షల డాలర్లు గెలిచెను. ఆటగాండ్ర రహస్యపు ముక్కలను చూపు కెమెరాలతో టెలివిజనులో ఈ పోటీ ఇంటింటికి చేరినది. ప్రధానపోటీలో చేరినవారు 2004లో 2,576, 2005లో 5,619, 2006లో 8,773. చూచినవారందఱు తాము చూచిన ఆటనే ఆడగోరిరి. మితపణపు బల్లలు తగ్గి, చిన్నసొమ్ము బల్లలు సైతము అమితపణమునకు మాఱినవి. ఒక సామాన్యుడు ఒక్కమాఱు గెలుచుట లక్షలమంది సామాన్యులను హద్దులేని ఆటకు మరలించినది.

చిన్న జూదరి లెక్క

మితపణమున నేర్చినవాడు అమితపణమునకు పోయినపుడు వాని లెక్కలేవి తప్పునో ఒక యుదాహరణముతో చూపెదను. వాని చేతిలోనివి, బల్లపై నున్నవి కలిపి ఆఠీను ముక్కలు నాలుగు కలవు. బల్లపై ఇంకొక్క ముక్క పడవలసి యున్నది. అది ఆఠీనైనచో వాడు గెలుచును. వాడు చూడని ముక్కలు 46. వానిలో ఆఠీను 9. గెలుపునకు అవకాశము నూటికి ఇంచుమించు 19.6.

మితపణమున నడుమ 20 పోగై యుండగా ఎదుటివాడు 4 ఒడ్డెను. 24 గెలుచుటకు మనవాడు 4 వేయవలెను. 28లో 4, అనగా నూటికి 14.3. వాని అవకాశము అంతకంటె హెచ్చు కావున వేయుట న్యాయము. అమితపణమున ఎదుటివాడు నడుమ నున్నంత, అనగా 20 ఒడ్డెను. 40 గెలుచుటకు 20 వేయవలెను. 60లో 20, అనగా నూటికి 33.3. ముక్కలవే, అవకాశమదే, నిన్న లాభమైన పని నేడు నష్టమైనది. ముక్క పడిన పిమ్మట ఇంకను కొంత రాబట్టగలనను ఆశ వేఱులెక్క. కాని ఆ ఆశకు ఎదుటివాని స్వభావము తెలియవలెను. మితపణమున కడపటిదాక ఉండుట అలవడినవాడు ఇచ్చట మెల్లగా గాక, త్వరగా చెడును.

ముక్కల విలువలును తారుమాఱగును. మితపణమున ఒక్క పెద్ద జత చేతనున్న ధైర్యముగా కడవఱకు పోవచ్చును. ఓడినను కొన్ని పందెములే పోవును. అమితపణమున అదే జతతో ధనమంతయు ఒడ్డవలసి వచ్చినపుడు, ఎదుటివాడు అంతకు మించిన ముక్కలతోనే అంత పందెమునకు నిలుచుట సామాన్యము. దీనికి మాఱుగా, చేతిలోని చిన్న జతకు బల్లపై పడు మొదటి మూడు ముక్కలలో మూడవ ముక్క కలిసికొను అవకాశము ఎనిమిదిన్నర మాఱులకు ఒకమాఱే యైనను, కలిసినపుడు ఎదుటివాని సర్వస్వము వచ్చుటచే దాని విలువ పెరుగును. మితపణము తఱచుగా వచ్చు చిన్న నిర్ణయముల ఆట. అమితపణము అరుదుగా వచ్చు పెద్ద నిర్ణయముల ఆట. చిన్నవానియందు వందమాఱులు చేసిన మంచిని, పెద్దదానియందు ఒక్క తప్పు తుడిచివేయును.

ఈ భేదమెంతటిదో గణితయంత్రములే చాటినవి. ఇద్దఱాడు మితపణ హోల్డెమ్మును కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయమువారు 2015లో ఇంచుమించు పూర్తిగా పరిష్కరించితిమని ప్రకటించిరి. అందలి నిర్ణయస్థానములు 1 తర్వాత 14 సున్నలు గల సంఖ్యకు మూడింతలు. అమితపణములో నిర్ణయస్థానములను వ్రాయుటకు 1 తర్వాత 160 సున్నలు కావలెను. 2017 జనవరిలో పిట్సుబర్గునగరమున లిబ్రేటసను యంత్రము నలుగురు నిపుణులతో 1,20,000 పంపకములాడి గెలిచెనే కాని, ఆ యాటను పరిష్కరించినదని ఎవరును చెప్పలేదు. ఒక్క నియమము తొలగించినంతమాత్రమున ఆట ఇంత విశాలమైనది. నేర్పునకు చోటు పెరిగినది. నాశమునకు కూడ చోటు పెరిగినది.

బల్లమీది సొమ్ము

ఇంతవఱకు అమితపణమునకు హద్దు లేదంటిని. నిజమునకు పోకరులో ఒక్క హద్దు మిగిలియున్నది. ఆటకు కూర్చుండునపుడు బల్లమీద పెట్టుకొన్న సొమ్ము మాత్రమే ఆ పంపకములో ఒడ్డవచ్చును. పంపకము నడుమ జేబులోనిది తీయరాదు, ఇల్లు వ్రాసి యీయరాదు, అప్పు తెచ్చి పెట్టరాదు. ఎదుటివాడు ఎక్కువ ఒడ్డినను మనవాని యొద్ద ఎంత యున్నదో అంతవఱకే పోటీ. చిన్న ఆటగానికి బలవంతునినుండి రక్షణనిచ్చు నియమమిదియొక్కటే.

హస్తినాపురపు సభతో దీనిని పోల్చిచూడుడు. బల్లమీది సొమ్ము నియమమే ఆనాడుండినచో, భండారము ముగిసినపుడు ధర్మరాజు ఆటయు ముగిసెడిది. తమ్ములు ఆయన బల్లమీది సొమ్ము కారు. ద్రౌపది అంతకంటెను కాదు. తన్ను తాను ఓడినవానికి తన్ను ఒడ్డు అధికారము కలదా యని ఆమె సభలో అడిగిన ప్రశ్న, ఒక విధమున, ఈ నియమమును గూర్చిన ప్రశ్నయే. తనది కానిదానిని ఒడ్డవచ్చునా? సభలోని పెద్దలు దానికి నేరుగా బదులు చెప్పలేకపోయిరి.

కావున అనుభవజ్ఞులు చిన్న ఆటగానికి చెప్పు హితవులన్నియు ఈ నియమమును పొడిగించుటయే. ఆటకని వేఱుపఱచిన సొమ్ములో ఇరువదవ వంతునో ముప్పదవ వంతునో మించి ఒక్క బల్లపై పెట్టరాదందురు. అది పోయినచో ఆనాటికి లేచిపోవలెనందురు. ఆట గీయని గీతను వారు లెక్కతో గీయుచున్నారు.

మన సీమలో శాసనములు

కల్లావి సీమ సేలము జిల్లాలో నున్న కాలముననే 1930 నాటి మద్రాసు జూద చట్టము వచ్చినది. కేవలము నేర్పుతో కూడిన ఆటలను ఆ చట్టము విడిచిపెట్టినది. 1937 అక్టోబరు 1న, హోసూరు దగ్గఱ తొరపల్లిలో జన్మించిన రాజాజీ ప్రధానమంత్రిగా మద్రాసు రాష్ట్రమున మద్యనిషేధమును మొదట సేలము జిల్లాలోనే అమలుపఱచెను. మనిషి తనకు గీసికొనలేని హద్దును ప్రభుత్వము గీయవచ్చునా యను చర్చ ఈ నేలకు ఆనాటినుండియు పరిచితమే.

ఫోను వచ్చిన పిదప ఆ చర్చ జూదమునకు మరలినది. తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను తమ చట్టములను సవరించి ఇంటర్నెట్టుపై ధనమొడ్డి ఆడు ఆటలను నిషేధించినవి. తమిళనాడు 2021లో చేసిన సవరణను మద్రాసు ఉన్నత న్యాయస్థానము ఆ సంవత్సరముననే కొట్టివేసినది. విశ్రాంత న్యాయమూర్తి కె. చంద్రు అధ్యక్షతన ఏర్పడిన సంఘము 2022లో నివేదిక నిచ్చిన పిదప రాష్ట్రము క్రొత్త చట్టము చేసి, రమ్మీని పోకరును పేర్కొని నిషేధించినది. 2023 నవంబరులో న్యాయస్థానము చట్టమును నిలిపియు, ఈ రెండును నేర్పుతో కూడిన ఆటలని వానికి నిషేధము వర్తింపదనెను. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన శాసనము ఈ వాదమునే ప్రక్కకు నెట్టినది. నేర్పైనను అదృష్టమైనను, ఇంటర్నెట్టుపై ధనమొడ్డి ఆడించు ఆటలన్నియు దానిచే నిషిద్ధములైనవి.

ఫోనుపై ఆట జూదశాలలోని ఆటకంటె ఎందుచేత వేఱయ్యెనో విచారింపవలెను. బల్లయొద్ద సొమ్ము ముగిసినవాడు లేచి, ఇంటికి పోయి, పెట్టె తెఱచి, భార్యకో తల్లికో కనబడి తిరిగి రావలెను. ఆ నడకలో ఆలోచనకు వ్యవధి కలదు. ఫోనుపై బల్లకును బ్యాంకునకును నడుమ ఒక వ్రేలి స్పర్శయే దూరము. జీతము, అప్పు, చెల్లెలి పెండ్లికి దాచిన సొమ్ము అన్నియు క్షణములో బల్లపైకి రాగలవు. నియమము కాగితముపై నిలిచియే యున్నది. దానిని నిలబెట్టిన దూరము మాత్రము పోయినది.

ఉపసంహారము

పై సాక్ష్యములన్నిటివలన తేలిన విషయములు మూడు. ఒకటి, పణము హద్దునకును, ఆటలోని నేర్పునకును సంబంధము లేదు. అమితపణ పోకరు మితపణముకంటె ఎక్కువ నేర్పును కోరును, ఎక్కువ నాశమును కలిగించును. నేర్పా, అదృష్టమా యని మాత్రమే విచారించిన న్యాయచర్చ అసలు ప్రశ్నలో సగమునే పట్టినది. రెండు, చిన్న ఆటగాడు యాజ్ఞవల్క్యుని కాలమునుండి నేటివఱకు ఆట నడుపువానికి హెచ్చుపాలు చెల్లించుచునే యున్నాడు. కావున వానికి సమానమైన నేర్పు చాలదు, మించిన నేర్పు కావలెను. మూడు, హద్దు ఎక్కడికిని పోదు, చేతులు మాఱును. రమ్మీలో అది ఆట చేతిలో నున్నది, జూదశాలలో బల్ల చేతిలో నున్నది, ఫోనుపై ఆటగాని చేతికి వచ్చినది, వాడు నిలుపలేకపోగా శాసనము చేతికి పోయినది.

శాసనములు మాఱుచుండును. ఏ శాసనము చేరని పెండ్లిపందిళ్లలోను, పండుగ యరుగులపైనను పేక మన యిండ్లలో ఉండనే యుండును. అచ్చట మూడుముక్కలకు ముందు పైహద్దు ఎంతయని అడుగు పెద్ద ఒక్కడుండినచో చాలును. హస్తినాపురపు సభలో లేకపోయిన మాట అదియే.